హార్డ్ బాప్ బాసిస్ట్ కెరీర్ అంటే ఏమిటి? పాల్ ఛాంబర్స్ ఎందుకు స్టార్ కాలేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బాస్ గిటార్ వాయిస్తారు, ఈమధ్య జాజ్ వినడం మొదలుపెట్టారు. 1950ల నాటి మంచి రికార్డు ఏది తీసినా బాస్ దగ్గర పాల్ ఛాంబర్స్ పేరే కనిపిస్తోంది. అంతటి మనిషి సొంత పేరుతో ఎందుకు పైకి రాలేదు? ఆ రోజుల్లో బాస్ వాయించేవాడి కెరీర్ ఎలా ఉండేది? అతని దగ్గర నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. హార్డ్ బాప్‌లో, అంటే 1950ల నాటి ఆ జాజ్ శైలిలో, బాసిస్ట్ స్థాయిని అతని పేరు మీద వచ్చిన ఆల్బమ్‌లతో కొలవరు. ఎవరు పిలిచారు, ఒకసారి పిలిచినవాళ్లు మళ్లీ పిలిచారా అని చూస్తారు. ఆ లెక్కన 1955 నుంచి 1963 దాకా న్యూయార్క్‌లో ఛాంబర్స్‌ను మించిన కెరీర్ ఉన్న బాసిస్ట్‌ను చూపించడం కష్టం. అతను పైకి రాలేదని మీకు అనిపించడానికి కారణం, అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేర్లను చూడటం. బాసిస్ట్‌ల చరిత్ర అంతా అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నా గురించి ఒక్క మాట. డెట్రాయిట్ శివార్లలో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో డబుల్ బాస్, అంటే ఛాంబర్స్ వాయించిన, నిలబెట్టి వాయించే పెద్ద బాస్. చుట్టుపక్కల బార్లలో, రిసెప్షన్లలో వాయిస్తాను, కొంతమంది పిల్లలకు నేర్పుతాను. పేరున్న వాణ్ని కాను. అయితే ఈ ఊళ్లో ఉంటూ బాస్ పట్టుకున్నవాడికి ఛాంబర్స్‌ను తప్పించుకోవడం సాధ్యం కాదు.

అతను పుట్టింది 1935 ఏప్రిల్ 22న, పిట్స్‌బర్గ్‌లో. తల్లి పోయాక డెట్రాయిట్ వచ్చాడు. మొదట బారిటోన్ హార్న్, తర్వాత ట్యూబా, ఆ తర్వాత బాస్. ఇక్కడి కాస్ టెక్ హైస్కూల్లో చదివాడు. ఈ స్కూలు సంగతి కాస్త చెప్పాలి. అది ప్రభుత్వ పాఠశాల, అయినా సంగీతాన్ని లెక్కలు, సైన్సు నేర్పినంత గట్టిగా నేర్పేది. ట్రంపెట్ వాయించే డోనల్డ్ బర్డ్, బాసిస్ట్‌లు డగ్ వాట్కిన్స్, రాన్ కార్టర్ అందరూ అక్కడివాళ్లే. ఛాంబర్స్ ఒకవైపు డెట్రాయిట్ సింఫనీలో వాయించే బాసిస్ట్ దగ్గర విల్లు పట్టడం నేర్చుకున్నాడు, ఇంకోవైపు ఊళ్లోని క్లబ్బుల్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి పాటలు నేర్చుకున్నాడు. అప్పట్లో ఇక్కడ టామీ ఫ్లానగన్, బారీ హారిస్, కెన్నీ బరెల్, ఎల్విన్ జోన్స్ ఉండేవారు. 1953, 54 ప్రాంతంలో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ కూడా కొన్నాళ్లు ఇక్కడే ఉండి బ్లూ బర్డ్ ఇన్ అనే క్లబ్బులో వాయించాడు. పాత కాస్ టెక్ భవనాన్ని 2011లో కూల్చేశారు. కొత్తది దాని పక్కనే ఉంది.

అందుకే "టాలెంట్ ఉన్న కుర్రాడు న్యూయార్క్ వెళ్లి రాత్రికి రాత్రి పేరు తెచ్చుకున్నాడు" అనే కథ నాకు నచ్చదు. న్యూయార్క్ రైలెక్కేటప్పటికే అతని చేతిలో పని ఉంది. శాక్సొఫోన్ వాయించే పాల్ క్వినిషెట్ బృందంతో వెళ్లాడు. 1955లో పియానిస్ట్ జార్జ్ వాలింగ్టన్‌తో కేఫ్ బొహీమియా క్లబ్బులో వాయించాడు. అదే ఏడాది మైల్స్ డేవిస్ తన కొత్త క్వింటెట్ (ఐదుగురి బృందం)లోకి తీసుకున్నాడు. అప్పటికి ఛాంబర్స్ వయసు 20. పక్కన శాక్సొఫోన్ మీద జాన్ కోల్ట్రేన్, పియానో దగ్గర రెడ్ గార్లాండ్, డ్రమ్స్ మీద ఫిల్లీ జో జోన్స్. ఎనిమిదేళ్లలో మైల్స్ బృందంలో శాక్సొఫోన్ వాళ్లు మారారు, పియానో వాళ్లు మారారు, డ్రమ్మర్ మారాడు. బాస్ దగ్గర మాత్రం ఛాంబర్సే ఉన్నాడు.

మరి పిలుపు ఎందుకు ఆగలేదు? దీనికి బాస్ చేసే పని ఏమిటో తెలియాలి. మన కచేరీలో తంబురా శ్రుతి చూసుకుంటుంది, మృదంగం లయ చూసుకుంటుంది. జాజ్ బాసిస్ట్ ఈ రెండు పనులూ ఒక్కడే చేయాలి, అదీ పాట నడుస్తుండగా రాగాధారం క్షణక్షణం మారిపోతుంటే. నాలుగు దెబ్బల తాళంలో ప్రతి దెబ్బకూ ఒక స్వరం వేస్తూ పోతాడు. దీన్నే వాకింగ్ అంటారు. ఆ స్వరం ఇప్పుడు నడుస్తున్న కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) ఏమిటో చెప్పాలి, రాబోయే కార్డ్ వైపు నడిపించాలి, డ్రమ్మర్ సింబల్ మీద కొట్టే దెబ్బకు సరిగ్గా అతుక్కోవాలి. ఇందులో ఏది తప్పినా పైన వాయిస్తున్న శాక్సొఫోన్ వాడికి కాళ్ల కింద నేల కదిలినట్టు ఉంటుంది.

సరిగ్గా వాయించేవాళ్లు అప్పుడు ఇంకా చాలామంది ఉన్నారు. ఛాంబర్స్ దగ్గర ఉన్న తేడా ఏమిటంటే, అతని వాకింగ్ లైన్‌ను విడిగా తీసి పాడితే అదే ఒక పాటలా ఉంటుంది. మెల్లగా పైకెక్కి, అర స్వరాల మీదుగా పొడుగ్గా కిందకు జారి, సరిగ్గా కొత్త కార్డ్ మొదలయ్యే చోట దిగుతుంది. నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను మొదట సోలోలు ఇవ్వను. అతను వేరే వాళ్ల సోలో వెనక వాయించిన ఒక్క కోరస్ (పాట ఒక పూర్తి చుట్టు) ఇచ్చి నోటితో పాడమంటాను. పాడగలిగితేనే బాస్ ముట్టుకోవాలి. ఎందుకంటే వేళ్లు అలవాటు పడిన చోట్లకే పోతాయి, గొంతు అలా పోదు.

ఇంకో సంగతి, ఆ వాయిద్యం అప్పట్లో ఎలా ఉండేదో మరిచిపోకండి. 1950లలో చాలామంది బాస్‌లకు గొర్రె పేగులతో చేసిన తీగలు ఉండేవి. గట్టిగా వినిపించాలని వాటిని పలకకు బాగా ఎత్తుగా కట్టేవారు. క్లబ్బులో బాస్‌కు ఆంప్లిఫయర్ లేదు. డ్రమ్స్‌నూ రెండు హార్న్‌లనూ దాటి చివరి టేబుల్ దాకా వినిపించాలంటే వేలి బలమే దిక్కు. నా బాస్‌కు ఒకప్పుడు కొంతకాలం పేగు తీగలు కట్టి చూశాను. వేగంగా ఉన్న పాట రెండు సార్లు తిరిగేసరికి చెయ్యి బండబారిపోయింది. వాతావరణం మారితే శ్రుతి కూడా మారిపోతుంది. మళ్లీ స్టీలు తీగలకే వచ్చాను. ఛాంబర్స్ అలాంటి బాస్ మీద రాత్రికి మూడు నాలుగు సెట్లు వాయించి, పగలు స్టూడియోకు పోయేవాడు.

స్టూడియో అన్నాను కదా, 1957 సంవత్సరం ఒక్కటి తీసుకోండి. జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఆర్ట్ పెప్పర్‌తో రికార్డింగ్. మేలో గిల్ ఎవాన్స్ పెద్ద ఆర్కెస్ట్రాతో మైల్స్ చేసిన 'మైల్స్ అహెడ్'. జులై 14న సొంత పేరుతో 'బాస్ ఆన్ టాప్'. సెప్టెంబర్ 1న పియానిస్ట్ సోనీ క్లార్క్‌తో ఒకటి, సరిగ్గా రెండు వారాలకు 15న కోల్ట్రేన్‌తో 'బ్లూ ట్రెయిన్'. ఇవి నాకు గుర్తున్నవి మాత్రమే. వీటి మధ్యలో ఇంకా బోలెడు ఉన్నాయి. అప్పటికి అతనికి 22 ఏళ్లు.

ఇక 1959. అందరూ మైల్స్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' గురించే చెబుతారు, నేనూ చెబుతాను కానీ వేరే కారణానికి. ఆ రికార్డు రెండు రోజుల్లో అయింది, మార్చి 2న, ఏప్రిల్ 22న. రెండో రోజు ఛాంబర్స్ 24వ పుట్టినరోజు. అందులో మొదటి పాట 'సో వాట్'లో ప్రధాన రాగం వాయించేది బాస్. పియానో, హార్న్‌లు రెండు కార్డ్‌లతో జవాబు చెబుతాయి, అంతే. జాజ్‌లో బాస్ ముందుకొచ్చి పాట మొత్తాన్ని పట్టుకుని నడిపించడం అప్పటికి చాలా అరుదు. ఆ తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. 16 బార్ల (ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు) పాటు ఒకే మోడ్ (స్వరాల వరుస), ఎనిమిది బార్లు అర స్వరం పైన, మళ్లీ ఎనిమిది బార్లు మొదటిదే. కార్డ్‌లు మారుతుంటే బాసిస్ట్‌కు దారి కనిపిస్తుంది. ఏమీ మారకపోతే పదహారు బార్లు ఏం చెయ్యాలి? కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు, ఒకే నమూనా తిప్పుతారు లేదా దారి తప్పి ఎక్కడున్నామో మరిచిపోతారు. ఛాంబర్స్ ఆ ఖాళీని ఎలా నింపాడో రాసుకుని చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ రెండో సెషన్ అయిన రెండు వారాల లోపే, మే మొదట్లో, కోల్ట్రేన్ అతన్ని 'జెయంట్ స్టెప్స్' రికార్డింగ్‌కు పిలిచాడు. ఆ ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటలో కార్డ్‌లు రెండు దెబ్బలకోసారి మారతాయి, అదీ విపరీతమైన వేగంలో. 'సో వాట్'కు పూర్తిగా వ్యతిరేక దిశలో ఉన్న సంగీతం అది. పియానో దగ్గర టామీ ఫ్లానగన్ తన సోలోలో తడబడటం రికార్డులోనే వినిపిస్తుంది. బాస్ మాత్రం ఎక్కడా ఆగదు. జాజ్‌లో అప్పుడు రెండు కొత్త దారులు పడుతుంటే రెండింటి కిందా ఉన్నది ఒకే బాసిస్ట్. నన్నడిగితే అతని కెరీర్ మొత్తాన్ని ఈ రెండు వారాలతో చెప్పొచ్చు. అదే ఆల్బమ్‌లో కోల్ట్రేన్ 'మిస్టర్ పీ.సీ.' అని ఛాంబర్స్ పేరు మీద ఒక పాట రాశాడు. సి మైనర్‌లో 12 బార్ల బ్లూస్. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ జామ్ సెషన్‌కు వెళ్లినా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. శాక్సొఫోన్ వాయించే సోనీ రాలిన్స్ కూడా 1956లోనే 'పాల్స్ పాల్' అని ఒకటి రాశాడు. తోటి వాద్యకారులు ఇలా పాటలకు పేరు పెట్టుకున్నారంటే, పేరు రాలేదని మనం బాధపడక్కర్లేదు.

డబ్బు సంగతి వేరు. అక్కడ మీ అనుమానం నిజమే. సెషన్‌కు పిలిచిన సైడ్‌మన్‌కు (లీడర్ పక్కన వాయించేవాడికి) యూనియన్ రేటు ఇచ్చేవారు, లీడర్‌కు దానికి రెట్టింపు. సైడ్‌మన్‌కు ఆ రోజు కూలీతో లెక్క తీరిపోతుంది. తర్వాత రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా రాయల్టీ లీడర్‌కు, పాట హక్కులు రాసినవాడికి, ప్రచురణకర్తకు పోతాయి. 'కైండ్ ఆఫ్ బ్లూ' అమెరికాలో 50 లక్షల ప్రతుల ధ్రువీకరణ దాటింది. అందులో 'సో వాట్' రాగం బాస్ మీద మోగుతుంది, దాని హక్కులు బాసిస్ట్‌వి కావు. 'మిస్టర్ పీ.సీ.' పేరు ఛాంబర్స్‌ది, పాట కోల్ట్రేన్‌ది. అందుకే నేను నేర్పే పిల్లలకు ఒక మాట గట్టిగా చెబుతాను, సొంతంగా నాలుగు పాటలైనా రాసి రిజిస్టర్ చేసుకోండని.

ఇంకో ఇబ్బంది, న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బులో వాయించాలంటే పోలీసులు ఇచ్చే క్యాబరే కార్డ్ అనే అనుమతి పత్రం ఉండాలి. మత్తుమందు కేసులో దొరికితే కార్డ్ పోతుంది, కార్డ్ పోతే ఊళ్లో పని పోతుంది. పియానిస్ట్ థెలోనియస్ మంక్ 1951 నుంచి 1957 దాకా ఇలాగే నష్టపోయాడు. ఈ పద్ధతి 1967 దాకా సాగింది.

సొంత పేరుతో అసలు రాలేదనడం కూడా సరికాదు. 1956లో బ్లూ నోట్ కంపెనీకి 'విమ్స్ ఆఫ్ ఛాంబర్స్' చేశాడు. అందులో కోల్ట్రేన్, డోనల్డ్ బర్డ్, కెన్నీ బరెల్, హోరేస్ సిల్వర్, ఫిల్లీ జో ఉన్నారు. 'బాస్ ఆన్ టాప్' గురించి పైన చెప్పాను. తర్వాత వీజే కంపెనీకి ఇంకొన్ని. వీటిలో అతను విల్లుతో వాయించిన సోలోలు ఎక్కువ. వీటి మీద అభిప్రాయాలు రెండుగా చీలిపోతాయి. ఆ విల్లు శబ్దం గరుకుగా ఉంటుంది, అక్కడక్కడా శ్రుతి కాస్త పక్కకు పోతుంది. నాకైతే నచ్చుతాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని నునుపు కోసం వినకండి. శాక్సొఫోన్ వాడు ఎలా ఊపిరి తీసుకుని బాప్ వాక్యం ఆడతాడో, అది విల్లు మీద ఎలా పలికిందో వినండి. అయినా నిజం చెప్పాలంటే, బాస్ లీడర్‌గా ఉన్న రికార్డు కొనేవాళ్లు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. బాసిస్ట్ చార్లెస్ మింగస్ లీడర్ అయ్యాడు కదా అంటారేమో. మింగస్ ప్రధానంగా స్వరకర్త. ఛాంబర్స్‌కు ఆ దిశలో అంత పట్టుదల ఉన్నట్టు నాకు ఎక్కడా కనిపించదు.

ఇక చివరి భాగం, దీన్ని దాటేయలేం. 1963లో మైల్స్‌ను వదిలి, పియానిస్ట్ వింటన్ కెల్లీ, డ్రమ్మర్ జిమ్మీ కాబ్‌లతో ట్రయోగా పని చేశాడు. 1965లో ఈ ముగ్గురూ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీతో చేసిన 'స్మోకిన్ ఎట్ ద హాఫ్ నోట్' వింటే చెయ్యి ఏమాత్రం తగ్గినట్టు అనిపించదు. ఆరోగ్యం మాత్రం హెరాయిన్, తాగుడు వల్ల పాడైపోయింది. 1969 జనవరి 4న క్షయతో చనిపోయాడు. వయసు 33. అంతకు ముందు తరంలో బాస్ సోలోకు దారి వేసిన జిమ్మీ బ్లాంటన్ కూడా క్షయతోనే 1942లో, 23 ఏళ్లకే పోయాడు. డగ్ వాట్కిన్స్ 1962లో అరిజోనాలో కారు ప్రమాదంలో పోయాడు, 27 ఏళ్లు. మత్తు వల్లే ఛాంబర్స్ లాంటివాళ్లు అంత బాగా వాయించారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ తరంలో మత్తు చాలామంది దగ్గర ఉంది, ఆ చెయ్యి మాత్రం ఒక్కడి దగ్గరే ఉంది.

పోలిక కోసం ఇంకో ఇద్దరు బాసిస్ట్‌లను చెబుతాను, కెరీర్ ఇంకోలా కూడా ఉండొచ్చని తెలియడానికి. సామ్ జోన్స్ 1959 నుంచి కానన్‌బాల్ ఆడర్లీ క్వింటెట్‌లో ఏళ్ల తరబడి ఉండి, 1966లో ఆస్కార్ పీటర్సన్ ట్రయోలో రే బ్రౌన్ చోటులోకి వెళ్లాడు. నిలకడగా, పెద్ద గొడవలు లేకుండా సాగిన జీవితం. రాన్ కార్టర్ అయితే 1963లో మైల్స్ దగ్గర ఛాంబర్స్ ఖాళీ చేసిన చోటికే వచ్చాడు, అదే కాస్ టెక్ నుంచి. 2015లో అతని పేరు మీద 2,200 పైచిలుకు రికార్డింగులు లెక్కతేలి గిన్నిస్‌లోకి ఎక్కింది. ఎక్కువకాలం బతికి, ఒళ్లు జాగ్రత్తగా చూసుకుని, ఫోన్ ఎత్తిన బాసిస్ట్ ఎంత పని చేయగలడో ఆ అంకె చెబుతుంది.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. నా చిన్న స్థాయిలో కూడా ఇదే చూశాను. నాకన్నా చురుగ్గా సోలో వాయించే కుర్రాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. అయినా కొందరు లీడర్లు నన్నే పిలుస్తారు. కారణం అడిగితే ఒకాయన చెప్పింది, "నువ్వు ఉంటే నేను టెంపో గురించి టెన్షన్ పడక్కర్లేదు" అని. టెంపో లాక్కెళ్లకుండా, టైమ్‌కు వచ్చి, పాటలు తెలిసి ఉంటే బాసిస్ట్‌కు పని దొరుకుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే: 'కైండ్ ఆఫ్ బ్లూ'లోని 'ఫ్రెడీ ఫ్రీలోడర్' నుంచి. బీ ఫ్లాట్‌లో 12 బార్ల బ్లూస్, వేగం మధ్యస్తం, బాస్ స్పష్టంగా వినిపిస్తుంది. చివరి రెండు బార్లలో బీ ఫ్లాట్‌కు తిరిగి రాకుండా ఏ ఫ్లాట్‌కు పోతుంది, అక్కడ జాగ్రత్త. వింటన్ కెల్లీ సోలో వెనక ఒక కోరస్ రాసుకోండి. తర్వాత 'సో వాట్'. ఆ తర్వాత శాక్సొఫోన్ వాయించే హ్యాంక్ మోబ్లీ 1960లో చేసిన 'సోల్ స్టేషన్'. ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్ పక్కన బాస్ దెబ్బ ఎక్కడ పడుతుందో వినడానికి నాకు తెలిసి అంతకన్నా మంచి రికార్డు లేదు. 'జెయంట్ స్టెప్స్' జోలికి ఇప్పుడే వెళ్లకండి.

బాస్ గిటార్ మీద ఇవన్నీ నేర్చుకోవచ్చా అని కూడా అడిగారు. నేర్చుకోవచ్చు, స్వరాలు అవే. బాస్ గిటార్ మీద స్వరం ఎక్కువసేపు మోగుతుంది కాబట్టి ఎడమ చేత్తో కాస్త ముందుగా ఆపడం అలవాటు చేసుకోండి. కుడి చేత్తో పికప్ దగ్గర కాకుండా మెడ చివర మీటండి. రాసుకున్న కోరస్ పెడితే చూసి చెబుతాను, చేతిరాతలో ఉన్నా ఫర్వాలేదు.